టార్చి కొనేముందు నీళ్ల సంగతి అడగండి

కోనసీమలో టార్చి కొనేవాళ్లు ముందు అడగాల్సింది ‘వెలుగు ఎంత దూరం పడుతుంది’ అని కాదు, ‘నీళ్లలో పడితే పనిచేస్తుందా’ అని. 1996 నవంబరు 6 తుపాను, 2022 జులై గోదావరి వరద మనకు నేర్పింది ఇదే. డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే అది చినుకులను తట్టుకుంటుంది, అంతే. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుంది. లంకల్లో పడవెక్కుతూ చేయి జారితే ఈ తేడాయే అక్కరకొస్తుంది. మూత విప్పి చూడండి: మరల దగ్గర రబ్బరు రింగు ఉందా? లోపలి స్ప్రింగుకు పచ్చటి చిలుము పట్టిందా? అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ముందు తినేసేది దాన్నే.

‘ఫోన్లో లైటుందిగా’ అంటారు. కరెంటు లేని రాత్రి ఫోను ఛార్జింగు మాట్లాడటానికి మిగలాలి. పైగా వరద నీళ్లలో ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో బిడ్డను పట్టుకున్నప్పుడు తలకు కట్టుకునే లైటే దారి చూపిస్తుంది. రాత్రిపూట చేను గట్టు మీద పాము భయానికీ అదే మందు. ‘చవకది పాడైతే ఇంకోటి కొంటాం’ అనేది రెండో మాట. అది పాడయ్యేది సరిగ్గా కొట్లు మూసేసిన రాత్రే. ఇక డబ్బా మీద ‘పది గంటలు వెలుగుతుంది’ అన్న లెక్క చాలాసార్లు వెలుగు పదో వంతుకు పడిపోయేవరకూ వేసింది. అందుకే ఛార్జింగుదే కాకుండా, కిరాణా కొట్లో దొరికే సెల్లులు కూడా పట్టేది ఎంచుకోండి. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేని చోట అదే తెలివైన పని.