ఆరెక్స్ హండ్రెడూ, రోహిణి కార్తె ఎండా

ఓవర్‌క్లాకింగ్ చేసి ప్రాసెసర్ కాల్చుకున్నవాళ్ళని మా ఆఫీసులో చూశా గానీ, అదే పని బండికి చేస్తానని మా ఇంట్లోనే ఒకడు బయల్దేరతాడనుకోలేదు. మా పిన్ని కొడుకు. ఉండేది దాచేపల్లి. వాడి దగ్గర పాత యమహా ఆరెక్స్ 100 ఉంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి అయినా, దాని మీద ప్రేమ మాత్రం మనవాళ్ళకి ఇంకా ఆగలేదు. 98 సీసీకే 11 గుర్రాల బలం అంటే మరి మాటలా!

మావాడికి ఆ పదకొండూ చాలవట. బోరు చేయించి పెద్ద పిస్టన్ వేయిస్తాడట, పోర్టులు పెద్దవి చేయిస్తాడట, ఫిల్టర్ డబ్బా పీకేసి మోత మోగే సైలెన్సర్ బిగిస్తాడట. అదీ వేసవిలోపే. "వద్దురా, వేడెక్కుతుంది" అంటే, "అన్నయ్యా, నువ్వు కంప్యూటర్ల సంగతి చూసుకో, బండ్ల సంగతి నాకొదిలెయ్" అన్నాడు. సరే, వాడు వినకపోయినా మీరైనా వినండి :)

పెట్రోలు మండితే పుట్టే శక్తిలో చక్రం దాకా వచ్చేది పావువంతు, అటూ ఇటూ. మిగతాదంతా వేడే. కొంత పొగతో పోతుంది, మిగిలింది ఇంజన్ చుట్టూ ఉండే రేకుల్లాంటి ఫిన్ల మీదుగా గాల్లోకి పోవాలి. పవర్ పెరిగిందంటే ఎక్కువ పెట్రోలు మండినట్టే, అంటే వేడీ పెరిగినట్టే. కానీ ఫిన్లు మాత్రం కంపెనీ ఇచ్చినవే. ఆదాయం పెరక్కుండా ఖర్చు పెంచుకోవడమన్నమాట.

ఇహ ఊరి సంగతి. పల్నాడు ఎండ గురించి చెప్పాలా? ఆంధ్రాలో ఎండలనగానే పేపర్లో కనపడే రెంటచింతల మాకు పొరుగే. ఫిన్లు గాలికిచ్చే వేడి, రెండింటి మధ్య తేడాని బట్టి ఉంటుంది. ఫిన్లు 150 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. జనవరిలో గాలి 25 అయితే తేడా 125. మే నెలలో గాలి 45 అయితే తేడా 105 మాత్రమే. అంటే చల్లబరిచే శక్తి ఆరోవంతు తగ్గిపోయింది. అదే వేడి బయటికి పోవాలంటే ఫిన్లు 170కి ఎక్కాలి. పైగా సున్నపురాయి దుమ్ము బురదతో కలిసి ఫిన్ల మధ్య గట్టిగా పట్టేస్తే చెప్పనే అక్కర్లేదు.

ఫిల్టర్ తీసి సైలెన్సర్ మార్చితే ఇంకో తంటా ఉంది. గాలి ఎక్కువ వస్తుంది, కార్బురేటర్ జెట్ మాత్రం పాతదే. పెట్రోలు తక్కువైన మిశ్రమం వేడిగా మండుతుంది. బండి కాసేపు హుషారుగానే లాగుతుంది, మోసపోయేది అక్కడే! కొందరు ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతూ, "ఎక్కువ పోస్తే చల్లగా ఉంటుంది" అంటారు. ఆయిల్ పెరిగేకొద్దీ అదే జెట్ లోంచి వెళ్ళే పెట్రోలు తగ్గుతుంది కదా, మిశ్రమం ఇంకా పలచబడుతుంది. దాంతోబాటు కంప్రెషన్ కూడా పెంచితే ఇంజన్ టకటకమని కొట్టడం మొదలవుతుంది. అది పిస్టన్ నెత్తిన సుత్తి దెబ్బే.

పిస్టన్ అల్యూమినియం, అది తిరిగే గొట్టం ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. రెండింటి మధ్య ఉండే సందు వెంట్రుక మందం. ఆ సందు పూడిపోయిందా, పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. మా ఊరి మీదుగా పోయేది అద్దంకి - నార్కట్‌పల్లి రోడ్డు. సిమెంటు లారీలు వెనకాలే వస్తుంటాయి. మావాడు అదే బండి మీద పిన్నిని ఎక్కించుకుని పిడుగురాళ్ళ తీసుకెళ్తుంటాడు. నా భయమంతా అదీ.. పోయేది బోరు డబ్బులైతే నేనింత రాయను.

అలాగని ట్యూనింగే తప్పని కాదు. 2008లో వచ్చిన యమహా ఆర్15 చూడండి, 149 సీసీకి 17 గుర్రాలు. కానీ దాంతోబాటే రేడియేటర్ పెట్టారు. పవర్ పెంచేవాడే వేడి బాధ్యత కూడా తీసుకోవాలి. మనం చేయగలిగిందీ ఉంది. గాలి పెంచితే జెట్ కూడా పెద్దది వెయ్యాలి. కాసేపు ఫుల్ థ్రాటిల్ మీద నడిపి, అలాగే ఇంజన్ ఆపి ప్లగ్ తీసి చూడాలి. కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు, తెల్లగా ఉంటే ప్రమాదం. టైమింగ్ సరిచూడాలి. కొత్త పిస్టన్ని కొన్నాళ్ళు నెమ్మదిగా నడపాలి. కాలిన ఇంజన్ మీద బిందెడు చన్నీళ్ళు గుమ్మరించడం మాత్రం ఎప్పుడూ వద్దు, పగులుతుంది. నడుపుతుండగా శబ్దం మారి బండి బరువెక్కితే వెంటనే క్లచ్ పట్టెయ్యాలి.

మొన్న ఫోన్లో ఇదంతా చెప్తే, ఫిల్టర్ డబ్బా ఉంచుతానన్నాడు, ప్లగ్ చూస్తానన్నాడు. బోరు సంగతి మాత్రం "వానలు పడ్డాక చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు. ప్రస్తుతానికి అంతవరకూ వచ్చాం. పాత ఆరెక్స్‌ని మన ఎండల్లో ట్యూన్ చేసి, ఏళ్ళ తరబడి పట్టెయ్యకుండా నడిపినవాళ్ళెవరైనా ఉంటే, ఏ జెట్ వేశారో కాస్త చెబుదురూ.. వానలు పడేలోపు మావాడికి చెప్పాలి.