ఉపాహారయాత్ర

దక్షిణ కాలిఫోర్నియాలోని ఆపిల్ వ్యాలీ ఒక ఎడారి పీఠభూమి. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉన్న అక్కడి చిన్న విమానాశ్రయంలో, జూన్ మాసపు ఒక శనివారం ప్రాతఃకాలాన మూడు సెస్నా విమానాలు సిద్ధంగా నిలిచాయి. ఒక ఫ్లయింగ్ క్లబ్బు సభ్యులూ వారి ఆప్తులూ కలిసి ఎనిమిదిమంది, కేవలం ఉపాహారం నిమిత్తం, పర్వతాలకు ఆవలనున్న రివర్‌సైడ్ నగరానికి బయలుదేరుతున్నారు. ఆ దేశపు వైమానికులలో ఇది చిరకాల సంప్రదాయం. దీనికి ‘నూరు డాలర్ల హాంబర్గర్’ అని వారే ఒక పరిహాసనామం పెట్టుకొన్నారు. భుజించేది స్వల్పం, ఇంధనానికి వెచ్చించేది అనల్పం.

వారిలో ఒకరు తెలుగువారు. అరువది దాటిన విశ్రాంత ఇంజనీరు. ఉద్యోగజీవితం చివరి భాగంలో, గృహిణి ఎంత వారించినా వినక విమానచోదనం అభ్యసించారు. ఆనాడు ఆయన ప్రక్క ఆసనంలో పన్నెండేళ్ల మనుమరాలు కూర్చున్నది. అమేలియా ఇయర్‌హార్ట్ చరిత్ర చదివినప్పటినుండి ఆ బాలికకు ఒకే కోరిక: మిషన్ ఇన్ గోడమీద ఆ వనిత పేరిట ఉన్న రెక్కలను చూడాలి. “విమానంలోనే తీసుకువెళ్తాను తల్లీ” అని తాతగారు మాట ఇచ్చి ఉన్నారు.

మిషన్ ఇన్ సామాన్యమైన హోటలు కాదు. 1876లో మిల్లర్ కుటుంబం ఆరంభించిన ఒక చిన్న అతిథిగృహాన్ని కుమారుడైన ఫ్రాంక్ మిల్లర్ 1902 మొదలుకొని 1931 వరకు, దాదాపు మూడు దశాబ్దాలు, పెంచుతూనే పోయారు. స్పానిష్ పద్ధతి తోరణాలు, గోపురాలు, ఘంటలు, ప్రాంగణాలు. అక్కడ ఒకచోటినుండి మరొకచోటికి దారి తెలియక తిరగడంలోనే సగం ఆనందం ఉన్నది. లోపల సెయింట్ ఫ్రాన్సిస్ ప్రార్థనామందిరం, అందులో మెక్సికో నుండి తెచ్చిన 18వ శతాబ్దపు స్వర్ణమయ వేదిక ఉన్నాయి. సమీపంలోని మార్చ్ సైనిక విమానక్షేత్రం నుండి వైమానికులు తరచు ఆ హోటలుకు వచ్చేవారు. 1932లో మిల్లర్ ఆ మందిరాన్ని గగనచారుల స్మృతికి అంకితం చేశారు. ప్రసిద్ధ వైమానికుల పేర్లు చెక్కిన రాగిరెక్కలు అక్కడి గోడమీద వరుసగా అమర్చి ఉంటాయి. ఆకాశంలో సంచరించేవారికి అది ఒక క్షేత్రమనే చెప్పాలి.

ఎడారిపై ఆకాశం నిర్మలంగా ఉన్నది. ప్రయాణం అరగంటకు మించదు. కాని కహోన్ కనుమను సమీపించగానే దృశ్యం మారిపోయింది. కొండలకు దిగువనున్న లోయ యావత్తూ శ్వేతసముద్రమై కనిపించింది. పసిఫిక్ మీది శీతలవాయువు రాత్రివేళ లోనికి ప్రవేశించి, పైనున్న ఉష్ణవాయువు క్రింద బంధింపబడి, మేఘమై పరచుకొంటుంది. జూన్ మాసంలో అక్కడ ఇది నిత్యకృత్యమే. ఎనిమిదికల్లా విచ్చిపోతుందన్న సూచన ఆనాడు ఫలించలేదు.

మొదటి చోదకునికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నది. అనగా యంత్రసూచికలనే నమ్మి మేఘమధ్యంలో నడిపే అర్హత. ఆయన అనుమతి పొంది, శాస్త్రోక్తంగా దిగిపోయారు. రెండవ చోదకునికి ఆ అర్హత లేదు. మేఘంలో ఒకచోట రంధ్రం కనిపించింది, అడుగున ఇళ్లకప్పులూ కనిపించాయి. ఆయన అందులోకి విమానాన్ని దింపారు. రేడియోలో “క్రింద బాగానే ఉన్నది, రండి” అన్నారు.

“తాతయ్యా, మనమూ వెళదాం!” అన్నది బాలిక.

కంటిచూపుతో నడిపేవారు మేఘానికి పైన 1,000 అడుగులు, క్రింద 500 అడుగులు, ప్రక్కన 2,000 అడుగులు ఎడం పాటించాలని అక్కడి నియమం. దాని వెనుక ఎందరో ప్రాణాలు కోల్పోయిన అనుభవం ఉన్నది. మేఘంలో క్షితిజరేఖ అదృశ్యమైతే చెవిలోని సమతౌల్యేంద్రియం మోసపోతుంది. విమానం ప్రక్కకు ఒరిగి తిరుగుతున్నా, సరళరేఖలో పోతున్నామనే శరీరం సాక్ష్యమిస్తుంది. ప్రత్యక్షమే ప్రమాణమని జీవితమంతా నమ్మినవానిని ప్రత్యక్షమే వంచించే స్థలమది. కర్తృత్వాన్ని విడిచిపెట్టమని మనం నిత్యం వింటాము. విమానంలో మాత్రం, సర్వనిర్ణయాలకూ చోదకుడే కర్త అని చట్టం శాసిస్తుంది. మిత్రుని పిలుపు మీదికిగాని, పసిదాని ముఖం మీదికిగాని ఆ భారాన్ని నెట్టివేయడానికి వీలులేదు.

ఆయన కనుమ మీద ఒక ప్రదక్షిణ చేశారు. రంధ్రం అప్పటికే సన్నగిల్లుతున్నది. “మేము వెనుదిరుగుతున్నాము” అని రేడియోలో పలికి విమానాన్ని ఎడారివైపు మళ్లించారు. బాలిక కిటికీవైపు తిరిగి కూర్చున్నది. దిగేవరకు ఒక్క మాట లేదు.

అక్కడినుండి కారులో, అదే కనుమగుండా, గంటకు పైగా ప్రయాణం. పొగమంచులో కొంతదూరం మెల్లగా నడపవలసి వచ్చింది. వారు రివర్‌సైడ్ చేరేసరికి పదిన్నర. ఆకాశం నీలంగా మెరుస్తున్నది! అది చూచి ఆ పెద్దమనిషి నవ్వలేకపోయారని చెప్పడమే న్యాయం. మరొక గంట ఆగి బయలుదేరి ఉంటే ఇచ్చిన మాట దక్కేది గదా అన్న బాధ ఆయనను వదలలేదు.

హోటలు ప్రాంగణంలో మిత్రులు ఇంకా కూర్చొనే ఉన్నారు. ఒకరిద్దరు “కారులో వచ్చిన వైమానికుడు” అని హాస్యమాడారు. రంధ్రంలోంచి దిగిన చోదకుడు మాత్రం మాట కలపలేదు. ఆయన ముందు పళ్లెంలో గుడ్లూ రొట్టె తాకకుండానే చల్లారి ఉన్నాయి. అందరూ లేచిన తరువాత ఆయన తెలుగుమిత్రుని ప్రక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పారు: సగం దిగేసరికి రంధ్రం మూసుకొనిపోయింది, కొద్ది క్షణాలు ఏది పైనో ఏది క్రిందో తెలియలేదు, బయటపడేసరికి విమానం ఒక గుట్టవైపు ఒరిగి ఉన్నది. వెనుక ఆసనంలో ఉన్న భార్యకు ఇంకా ఆ సంగతి చెప్పలేదు. “రమ్మని నిన్ను కూడా పిలిచాను” అని, తరువాత మరేమీ అనలేకపోయారు.

తాతామనుమరాళ్లు గోడ దగ్గరకు వెళ్లారు. ఇయర్‌హార్ట్ పేరున్న రాగిరెక్కల ముందు బాలిక చాలసేపు నిలిచింది. 1937 జూలై 2న పసిఫిక్ మీద అదృశ్యమైన ఆ వనిత విమానం జాడ ఆ బాలికకు కంఠస్థమైన కథ.

“ఆమె కూడా వెనుకకు తిరిగి ఉండవలసిందా తాతయ్యా?”

“తిరిగి వెళ్లేందుకు ఆమెకు ఇంధనం మిగలలేదేమో తల్లీ. మనకు ఉన్నది.”

ఆ బాలిక సమాధానపడినదో లేదో ముఖం చూచి చెప్పడం కష్టం. “మళ్లీ ఎప్పుడు?” అని మాత్రం అడిగింది. ఆయన జేబులోని చిన్న పుస్తకం తీసి సెప్టెంబరు పుటలో ఒక శనివారానికి గుర్తు పెట్టి, ఆమెకు చూపించారు.