పెనం ఆగే నలభై సెకన్లు

ఫాస్ట్ ఫుడ్ అనగానే మనలో చాలామందికి బర్గరే గుర్తొస్తుంది. నాకు మాత్రం మైపాడు బీచ్‌లో మా పిన్ని నడిపే చేపల వేపుడు బండి గుర్తొస్తుంది. ప్లేటు చేతికి రావడం ఆలస్యమైతే జనం పక్క బండికి పోతారు, కాబట్టి అదీ ఫాస్ట్ ఫుడ్డే. ఆపరేషన్స్ రీసెర్చ్ మినీ ప్రాజెక్టుకి నేను ఆ బండినే తీసుకున్నాను. ఆదివారం సాయంత్రం రద్దీ తట్టుకోలేక, రెండో పొయ్యి, పెద్ద పెనం కొనడానికి పిన్ని డ్వాక్రా గ్రూపులో అప్పు పెడదామనుకుంటోంది. ఆ అప్పు అవసరమా కాదా అన్నదే నా ప్రాజెక్టు.

ఇలాంటి పని కొత్తదేం కాదు. 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు కాలిఫోర్నియాలో తమ హోటల్ మెనూని కుదించి, వంటగదిని ఫ్యాక్టరీ లైనులా మార్చారు. తర్వాత కొత్త షాపు కట్టే ముందు టెన్నిస్ కోర్టు మీద సుద్దముక్కతో వంటగది గీసి, పనివాళ్ళని అందులో ఉత్తుత్తి బర్గర్లు చేయమని, ఎవరు ఎవరికి అడ్డొస్తున్నారో చూశారు. కంప్యూటర్ లేని సిమ్యులేషన్ అన్నమాట. 1981 నాటికి బర్గర్ కింగ్ ఇంజినీర్లు స్వార్ట్, డోనో తమ రెస్టారెంట్లకి కంప్యూటర్ మోడల్ కట్టి ఆ అనుభవాన్ని పేపరుగా రాశారు. నాకు టెన్నిస్ కోర్టు లేదు. లాప్‌టాప్‌లో పైథాన్, అందులో సిమ్‌పై లైబ్రరీ, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ ఉన్నాయి.

ముందు పిన్ని అడిగిన ప్రశ్న: "ఎన్ని ముక్కలు కొనాల్నో నీ కంప్యూటరు చెప్తాదా అబ్బయా?"

పోయినేడు ఇదే తేదీన ఎంత అమ్మావని అడిగి జవాబు చెప్పేస్తే మా తీరంలో కుదరదు. నెల్లూరు రొట్టెల పండక్కి వచ్చినవాళ్ళలో కొందరు సముద్రం చూడ్డానికి ఇటూ వస్తారు. కానీ మొహర్రం చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకి జనం విరగబడతారు, అయితే ఆ నెలలో చాలామంది నీచు ముట్టరు. ఇసుక మీద తల పెట్టడానికి చోటుండదు, చేప మాత్రం కదలదు. మిరపకాయ బజ్జీ బండికి పండగ. ఇక వేసవి సెలవుల్లో గిరాకీ ఉంటుంది, చేప దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అందుకని నా పట్టికలో తేదీ కాలమ్ పక్కన తిథి, వేట, వాన అని ఇంకో మూడు కాలమ్‌లు పెట్టాల్సొచ్చింది.

అంచనా వచ్చినా, సరిగ్గా అంతే కొనాలని లేదు. ప్లేటుకి ఖర్చు 60 రూపాయలు, అమ్మేది 100కి అనుకుందాం. మిగిలితే 60 పోతుంది, చాలకపోతే 40 లాభం పోతుంది. మనం చదువుకున్న న్యూస్‌వెండర్ లెక్క ప్రకారం 40ని 100తో భాగిస్తే 0.4. అంటే పదింట నాలుగు ఆదివారాలు మాత్రమే సరుకు సరిపోవాలి, మిగతా ఆరు ఆదివారాలు ముందే అయిపోవాలి. ఇది చెప్తే పిన్ని నవ్వింది. "మసాలా పట్టించిన చేప మిగిలితే పారెయ్యాల. మనిషి తిరిగిపోతే మళ్ళా ఆదివారం వస్తాడు. ఇది తెలవడానికి నాలుగేళ్ళ చదువా?"

ఇప్పుడు క్యూ సంగతి. 1909లో ఎర్లాంగ్ అనే ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ కోసం మొదలుపెట్టిన గణితం ఇది. ఒక్కొక్కరికి సగటున 3 నిమిషాలు పడితే గంటకి 20 మందిని పంపొచ్చు. గంటకి 15 మంది వస్తే సగటు ఎదురుచూపు 9 నిమిషాలు. 18 మంది వస్తే 27 నిమిషాలు! పెరిగింది ముగ్గురే, ఎదురుచూపు మూడింతలైంది. రద్దీ హద్దుకి చేరేకొద్దీ క్యూ అలా పేలిపోతుంది.

మరి ఆ 3 నిమిషాలు ఎక్కడ పోతున్నాయి? పెనం మీద అనుకున్నాం అందరం. స్టాప్‌వాచ్ ఇంకో మాట చెప్పింది. వేయించేదీ పిన్నే, డబ్బు తీసుకునేదీ పిన్నే. మసాలా చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నోటు అందుకుని, చిల్లర వెతికి, గాలి హోరులో యూపీఐ సౌండ్ బాక్స్ మాట వినపడక "ఏదీ, ఫోన్ చూపించు" అనేసరికి మనిషికి 40 సెకన్లు. అంతసేపూ పెనం ఖాళీ. సాయంత్రం జనం గుంపులు గుంపులుగా వస్తారు కాబట్టి సిమ్యులేషన్‌లో వేల ఆదివారాలు నడిపించి చూశాను. రెండో పొయ్యి పెట్టినా పెద్దగా మారలేదు, చేతులు రెండే కాబట్టి. డబ్బు దగ్గర ఇంకో మనిషి ఉంటే మాత్రం, పై ఫార్ములా ప్రకారమే, 27 నిమిషాలు దాదాపు అయిదున్నరకి పడిపోతుంది. అప్పు అక్కర్లేదు.

ఆ ఇంకో మనిషి ఎవరు? జీతం ఇచ్చి పెట్టుకునేంత బండి కాదు. బాబాయి వేటకి పోతాడు. నేను ప్రతి వారం రాలేను. మిగిలింది పదో తరగతి చదివే చెల్లి. మోడల్ దృష్టిలో అదే అన్నిటికంటే మంచి జవాబు. చెల్లి కూడా "నేనొస్తాలే అమ్మా" అంది. పిన్ని ఒప్పుకోలేదు.

"ఒక్క ఆదివారమే అని మొదలైద్ది. నేనూ అట్టానే బడి మానింది" అంది, పెనం మీంచి కళ్ళెత్తకుండా.

పిన్ని బడి మానిందని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి ఉపాయం ఆమే చెప్పింది. సౌండ్ బాక్స్‌ని తన చెవి దగ్గరకి మార్చింది. స్టీలు గిన్నెలో చిల్లర పోసి బండి ముందు పెట్టింది. నోటు వేసి, మిగతాది ఎవరికి వాళ్ళే తీసుకోవాలి. "మోసం చెయ్యరా?" అంటే, "ఎవురో ఒకడు పది రూపాయలు ఎత్తకపోతాడు. దాని చదువు కంటే ఎక్కువా?" అంది. 40 సెకన్లలో 25 మిగిలాయి. లెక్కలో ఎదురుచూపు దాదాపు 9 నిమిషాలు. అయిదున్నర కాదు, కానీ 27 కూడా కాదు.

వైవాలో సార్ అడిగారు, అయిదున్నర నిమిషాల పరిష్కారం ఉండగా తొమ్మిది ఎందుకు రికమెండ్ చేశావని. కోడ్‌లో ఉన్న ఒక పరిమితి చూపించాను: ఆదివారం సాయంత్రం చెల్లి అందుబాటులో లేదు. ఆయన చదివి, తలూపి, తర్వాతి పేజీ తిప్పారు.

మీలో ఎవరైనా మినీ ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే మీ ఊళ్ళో దోసెల బండి దగ్గర ఒక సాయంత్రం నిలబడండి. స్టాప్‌వాచ్ ఆన్ చేసేముందు, ఆ బండి వెనక ఎవరెవరు పని చేస్తున్నారో, ఎవరిని పని చేయనివ్వట్లేదో అడగండి. ఆ కాలమ్ కూడా మీ పట్టికలో ఉండాలి.