వాగు ఒడ్డున ఒక రాత్రి

వేసవి సెలవులు వచ్చాయంటే మా పిల్లలకు నీళ్లు, చెట్లు, మా కుక్క టామీ ఉంటే చాలు. పోయిన మే నెలలో మేము కుటుంబ సమేతముగా మారేడుమిల్లి ప్రాంతమునకు బయలుదేరాము. రాజమహేంద్రవరము నుండి రంపచోడవరము మీదుగా 80 కిలోమీటర్లకు పైగా ప్రయాణము. మా సంఘస్థులొకరి బంధువులకు అక్కడ వాగు ప్రక్కన జీడిమామిడి తోట ఉన్నది. రెండు రాత్రులు గుడారములో ఉండాలని మా ఏర్పాటు. టామీని విడిచి రానని చిన్నవాడు ఏడ్చినందున దానిని కూడ తీసుకొని వెళ్లాము.

వాగులో మోకాటి లోతు నీరైనా లేదు. తెల్లమద్ది చెట్ల నీడలో పిల్లలు ఒక్కొక్క రాయి ఎత్తి చూచారు. అడుగున పీతలు, నత్తలు, తూనీగ పిల్లలు కనబడ్డాయి. తూనీగ రెక్కలు రాకముందు నీళ్లలోనే పెరుగుతుందని చెప్పితే మా అమ్మాయి నమ్మలేదు. కంటితో చూచిన తరువాత అక్కడనుండి లేవలేదు. "ఎత్తిన రాయి మరల అలాగే పెట్టాలి, అది వాటి ఇల్లు" అని వాళ్లమ్మ చెప్పింది. టామీ లకుముకి పిట్టను చూచి నీళ్లలోకి దూకింది. పిట్ట ఎగిరిపోయాక వచ్చి మా అందరి మీద నీళ్లు దులిపింది. ఎన్నాళ్లకో మేమందరము కలిసి అంతగా నవ్వుకొన్నాము.

సాయంత్రము గుడారము ఎక్కడ వేయాలన్న మాట వచ్చింది. ఒడ్డు పైన అంతా రాళ్లు. వాగు లోపలి ఇసుక పరుపువలె ఉన్నది. తోట కాపలా చూచే కొండరెడ్డి తాత వచ్చి, "అయ్యగారూ, ఇసుకలో పడుకోవద్దు. పైన కొండల్లో వాన పడితే, ఇక్కడ చుక్క పడకపోయినా వాగు వచ్చేస్తాది" అన్నాడు. ఆకాశము నిర్మలముగా ఉన్నది. "ఏమీ కాదులే తాతా" అన్నాము. టామీ రాత్రి అడవిలోకి పోకుండ, ఇసుకలో పడియున్న మానుకు మేమే కట్టాము.

తొమ్మిది దాటాక ఎగువన మెరుపులు కనబడ్డాయి. టామీ మూలుగుతుంటే ఊరుకోమని గదిమాము. కొంతసేపటికి నీటి చప్పుడు మారింది. టార్చి వేసి చూస్తే నీరు ఎర్రబడి, ఆకులు, పుల్లలు కొట్టుకొని వస్తున్నాయి. అందరము ఒడ్డెక్కాము. ఎక్కి చూస్తే చిన్నవాడు లేడు! టామీ కట్టు విప్పుటకు వెనుకకు పరుగెత్తాడు. అప్పటికే నీరు వాని నడుము దాకా వచ్చింది. మా కేకలు విని వచ్చిన తాత మాకంటె ముందే దిగి, ఒక చేతితో వానిని పట్టుకొని, కత్తితో త్రాడు కోశాడు. మేము ఆయన చేయి పట్టి లాగాము. టామీ ఈదుకొంటూ వచ్చింది. గుడారము, గిన్నెలు అన్నీ పోయాయి.

"ఎందుకు వెళ్లావురా?" అని అడిగితే చిన్నవాడు, "దాన్ని కట్టింది మనమే కదా నాన్నా" అన్నాడు. మాకు మాట రాలేదు. వారము వారము సంఘమును వినుమని చెప్పే మేము, ఒక వృద్ధుడు చెప్పిన మంచి మాట వినలేదు. తెల్లవారిన తరువాత ఆయన గుడిసెకు వెళ్లి, "తప్పు మాదే తాతా" అన్నాము. ఆయన నవ్వి, "వాగు మంచిదే అయ్యగారూ. దాని దారిలో పడుకోకూడదు, అంతే" అన్నాడు.

ప్రియులారా, మీ పిల్లలను వాగుల యొద్దకు తప్పక తీసుకొని వెళ్లండి. అయితే ముందుగా ఆ ఊరివారిని అడగండి. గుడారము ఎత్తైన ఒడ్డు మీదనే వేయండి. నీటి రంగు మారినా, పుల్లలు కొట్టుకొని వచ్చినా వెంటనే పైకి రండి, సామాను కొరకు వెనుదిరగవద్దు. కట్లపాము రాత్రివేళ నేలమీద నిద్రించువారిని కరుస్తుంది గనుక దోమతెర అంచులు పరుపు క్రింద దోపుకొనండి. కుక్కకు ఏటేటా రేబిస్ టీకా వేయించండి. రాత్రి దానిని కట్టవలసి వస్తే మీ ప్రక్కనే కట్టుకొనండి.

రానున్న వేసవికి మరల వెళ్లాలని అనుకొంటున్నాము. ఒడ్డు మీద రాళ్లు ఏరే పని తనదేనని చిన్నవాడు ఇప్పుడే చెప్పుకొన్నాడు.