గర్భిణి రక్తములోని క్రొవ్వు

కోడలు కడుపుతో నున్నదని తెలిసినతోడనే మన యిండ్లలో మొదట బయలుదేరునది నేతిగిన్నె. ఇద్దఱి తిండి తినవలెనని పెద్దలు ముద్దముద్దకును నేయి వడ్డింతురు. పుట్టింటినుండి చలిమిడి వచ్చును; సీమంతము నాటికి సున్నుండలును అరిసెలును వచ్చును. ఇది ప్రేమ, దీనిని మేము నిందింపము. అయితే నేడు ఆ నేతిగిన్నె ప్రక్కకు మఱియొకటి వచ్చి చేరినది. అది రక్తపరీక్ష కాగితము. ఈ రెంటి నడుమ చిక్కి మన యాడుపడుచులు పడు నిక్కట్టులను కన్నులార చూచితిమి గనుక ఈ నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవించుకొనుచున్నాము.

రక్తములోని క్రొవ్వులలో ముఖ్యముగా రెండింటిని వైద్యులు కొలుతురు. ఒకటి కొలెస్టరాలు, రెండవది ట్రైగ్లిసరైడులు. క్రొవ్వనగానే శత్రువని తలంపరాదు. శిశువు దేహమందలి ప్రతి జీవకణపు పొరకును కొలెస్టరాలు కావలయును. గర్భమును నిలుపు ప్రొజెస్టిరోనను హార్మోనును మాయ తల్లి రక్తమందలి కొలెస్టరాలు నుండియే తయారుచేయును. మొదటి మాసములలో తల్లి శరీరము క్రొవ్వును కూడబెట్టును. కడపటి మాసములలో ఆ నిలువను కరగించి తాను వాడుకొని, చక్కెరను బిడ్డకు విడిచిపెట్టును. పంటనాడు గాదె నింపి, కొఱతనాడు తీసి వండు నిల్లాలి నేర్పు వంటిదే యిది. అందుచేత కడపటి మాసములలో కొలెస్టరాలు నాలుగవ వంతు మొదలు సగము వఱకు హెచ్చుటయు, ట్రైగ్లిసరైడులు రెండు మూడింతలగుటయు సహజము. ప్రసవానంతరము ఇవి క్రమముగా దిగివచ్చును.

ఈ సంగతి తెలియకపోవుటచే మా తమ్ముని యింట జరిగినది వినుడు. మఱదలికి ఎనిమిదవ నెలలో ఎవరో చెప్పగా అన్ని పరీక్షలును ఒక్కసారిగా చేయించిరి. కొలెస్టరాలు 248, ట్రైగ్లిసరైడులు 230 అని వచ్చి, వాని ప్రక్క ఎఱ్ఱని గుర్తులుండెను. ఇంటివారు బెదరి పాలు, పెరుగు, నేయి, తుదకు పప్పులో తాలింపు సయితము మాన్పించి, పది దినములు చారన్నముతో సరిపెట్టిరి. ఆ పిల్ల లేచి నడువలేక నీరసించెను. వైద్యురాలు కాగితమును చూచి, “అమ్మా! ఇందు వ్రాసిన హద్దులు గర్భము లేనివారివి. నిండు చూలాలికి ఇవి చెల్లవు. పిల్లకు కడుపునిండ అన్నము పెట్టుడు” అని మందలించెను. గర్భిణులకని అందఱును ఒప్పిన హద్దులు నేటికిని ఏర్పడలేదు. అందుచేతనే ఈ పరీక్షను గర్భిణులందఱికిని చేయు వాడుక లేదు.

అట్లని అశ్రద్ధయు తగదు. ట్రైగ్లిసరైడులు మితిమీరిన గర్భిణులలో మధుమేహము, నెలలు నిండకమునుపే కానుపు, రక్తపుపోటు హెచ్చి మూత్రములో మాంసకృత్తులు పోవు ప్రీఎక్లాంప్సియా, ఇవి ఎక్కువగా కనబడుచున్నవని పెక్కు పరిశోధనలు తెలుపుచున్నవి. క్రొవ్వే వీనికి కారణమా, లేక రెంటికిని మూలమైన దోషము వేఱొకటి కలదా యనునది ఇంకను తేలలేదు. ప్రీఎక్లాంప్సియా ముదిరిన మూర్ఛలు వచ్చును; మన పెద్దలు గుఱ్ఱపువాతమని భయపడునది యిదియే. ఇక ట్రైగ్లిసరైడులు డెసిలీటరునకు 1000 మిల్లీగ్రాములు దాటినచో రక్తపుసారము పాలవలె తెల్లబడును. క్లోమము వాచి ప్రాణముమీదికి రావచ్చును. ఇది అరుదు. వంశములో దోషమున్నవారును, మధుమేహము అదుపు తప్పినవారును దీనిని గుఱించి జాగ్రత్తపడవలెను.

మా పినతండ్రిగారి కుమార్తెకు పెండ్లికి మునుపే ట్రైగ్లిసరైడులు హెచ్చుగా నుండెను, తండ్రికి చక్కెరవ్యాధి. ఈ రెండు మాటలును అత్తవారింట ఎవరును వైద్యునితో చెప్పలేదు. ఎనిమిదవ మాసమున ముఖమును చేతులును వాచినవి. నీరు పట్టినది, కానుపైన తీసిపోవునన్నారు. తల పగులునట్లు నొప్పి, కన్నులముందు మెఱుపులు. నుదుట శొంఠి పట్టువేసి రెండు దినములు గడపిరి. మూడవనాడు ఆమెయే సిగ్గు విడిచి, నన్ను ఆసుపత్రికి తీసికొనిపొండని గట్టిగా నడిగెను. అప్పటికి రక్తపుపోటు 170/110. ఆ రాత్రియే శస్త్రచికిత్స చేసి రెండు కిలోలైన తూగని బిడ్డను తీసిరి. దైవకృపచే తల్లియు బిడ్డయు దక్కిరి. ఆమె నాడు నోరు తెఱవకుండిన ఏమగునో తలచుకొన్న మాకు నేటికిని గుండె ఝల్లుమనును. ఒక యింట కాగితమును చూచి మనిషిని మఱచిరి. వేఱొక యింట మనిషి మొఱ్ఱపెట్టినను వినరైరి.

కావున సోదరీమణులారా! మధుమేహము, స్థూలకాయము, థైరాయిడు దోషము, వెనుకటి కానుపులో పోటు, వంశములో క్రొవ్వుదోషము ఉన్నవారు గర్భమునకు ముందుగానే గాని, తొలిసారి చూపించుకొన్నప్పుడే గాని వైద్యులతో చెప్పవలెను. స్టాటినులను మాత్రలు వాడువారు గర్భము తలపెట్టినప్పుడే వైద్యుని సలహా గైకొనవలెను. గర్భకాలమున పెక్కుమంది వీనిని ఆపవలసియుండును. ప్రమాదమెక్కువ గలవారికి ప్రీఎక్లాంప్సియా రాకుండ వైద్యులు 12వ వారము మొదలు స్వల్పమోతాదులో ఆస్పిరిను ఇత్తురు. దానిని తమంత తాము మ్రింగరాదు. చూపించుకొన్న ప్రతిసారియు రక్తపుపోటును, మూత్రమును చూపించుకొనుట ముఖ్యము. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేయుచున్నారు.

తిండిలో పప్పు, ఆకుకూరలు, పెరుగు, రాగులు, పండ్లు, తినువారైన చేపలు ఉండవలెను. అన్నమున చెంచాడు నేతికి భయపడనక్కఱలేదు. ట్రైగ్లిసరైడులను హెచ్చించునది నేయి మాత్రమే కాదు. పూటపూటకు తినిపించు మిఠాయిలు, చక్కెరపానీయములు, గుట్టలుగా పోసిన తెల్లన్నము కూడ. వైద్యులు వలదనకున్న దినమున కొంతసేపు నడచుట మేలు.

ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లికి మీదటి కాలమున గుండెజబ్బు వచ్చు నవకాశము ఇతరులకంటె సుమారు రెండింతలు. బిడ్డ బొద్దుగా నున్నాడని మురిసి తల్లిని మఱవక, ఆమె పోటును, చక్కెరను, క్రొవ్వును ఏటేట చూపించవలెను.

అత్తలారా, తల్లులారా! తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, డొక్కల క్రింద నొప్పి, ముఖమున వాపు అని చూలాలు చెప్పినప్పుడు ఆ మాటను గారాబమని త్రోసిపుచ్చకుడు. వెంటనే బండి కట్టించుడు. మీరు పెట్టు నేతిముద్దకంటె ఆ పూట మీరు వినిన మాటయే ఆమెకు బలము.