జతకి ఎంత తీసుకుంటున్నావమ్మా?

పోయినేడాది ఏప్రిల్. డెన్వర్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర, విజయవాడలో ఆదివారం పొద్దున తొమ్మిది. ఎప్పట్లాగే నాన్నకి వీడియో కాల్ చేశాను. ఫోన్ షెల్ఫుకి ఆనించి నా పని నేను చేసుకుంటున్నా.

"ఏం ఇస్త్రీ చేస్తున్నావమ్మా, డ్రెస్సా?"

"కాదు నాన్నా, బోర్డు."

"బోర్డేంటి?"

"మంచు మీద నిలబడి జారతాం చూడు, ఆ బోర్డు."

నాన్న రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పక్కనున్న టీ కొట్టు బాబాయ్ వైపు తిరిగి, "మా అమ్మాయి అమెరికాలో చెక్కకి ఇస్త్రీ చేస్తుందంటయ్యా" అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వు ఆగకముందే నా చేతిలో ఇస్త్రీ పెట్టె కింద నుంచి పొగ లేచింది. గదిలో స్మోక్ అలారం మోగడం మొదలైంది. నేను కిటికీ వైపు పరిగెత్తబోతుంటే ఫోన్లోంచి నాన్న అరిచాడు. "ముందు పెట్టె ఎత్తు! ఎత్తి నిలబెట్టు!"

అప్పటికే ఆలస్యమైంది. బోర్డు అడుగున అరచేతంత మేర నున్నగా, గాజులా మెరుస్తోంది. కాలిపోయింది.

మాది వన్ టౌన్. కొత్తపేటలో ఓ సందు మొదట్లో, వేప చెట్టు కింద నాన్న ఇస్త్రీ బండి. వస్త్రలతలో గుమాస్తాలు, గుళ్లో పనిచేసేవాళ్లు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు... ఇరవై ఏడేళ్లుగా అందరి బట్టలూ ఆ బండి మీదే మడత పడ్డాయి. నేను ఆరో తరగతి నుంచే ఇస్త్రీ మూటలు ఇంటింటికీ ఇచ్చొచ్చేదాన్ని. ఓసారి అలా ఇవ్వడానికి వెళ్తే తలుపు తీసింది మా క్లాసమ్మాయి. మర్నాడు బళ్లో నా పేరు 'ఇస్త్రీ బండోళ్లమ్మాయి' అయిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఏ ఫారం నింపినా, తండ్రి వృత్తి అన్నచోట 'బిజినెస్' అనే రాశాను. అమెరికా వచ్చాక రూమ్మేట్స్ అడిగితే 'టెక్స్‌టైల్స్ లైన్' అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

మే నెలలో 45 డిగ్రీల ఎండ చూసే ఊరు మాది. మాకు ఐసంటే చేపల బుట్టలో కనిపించేదే. అలాంటిదాన్ని డెన్వర్‌లో ఉద్యోగానికి చేరిన మొదటి చలికాలంలోనే మా వాళ్లు లవ్‌ల్యాండ్ అనే స్కీ ఏరియాకి లాక్కెళ్లారు. కొండ కిందే 10,800 అడుగుల ఎత్తు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మొదటి రోజు నలభైసార్లు పడ్డాను. రెండో రోజు ముప్పైసార్లు. మూడో వారానికి పిచ్చి పట్టుకుంది. 120 డాలర్లు పెట్టి సెకండ్ హ్యాండ్ బోర్డు కొనేశా.

ఏప్రిల్‌కొచ్చేసరికి అది మొరాయించింది. ఎండకి మంచు తడితడిగా అయిపోతుంది. అందరూ జర్రున జారిపోతున్నారు, నేను మాత్రం బంకమట్టిలో దిగబడ్డట్టు ఆగిపోతున్నా. చివరికి బోర్డు చంకలో పెట్టుకుని నడిచొచ్చాను. బోర్డు తిరగేసి చూసిన ఫ్రెండ్, "దీనికి వ్యాక్స్ వేసి ఎన్నాళ్లైంది?" అంది. వ్యాక్స్ వేయాలనే సంగతే నాకు తెలీదు!

విషయం ఇదీ. బోర్డు అడుగున ఉండేది పాలీ ఇథిలీన్, అంటే ఒక రకం ప్లాస్టిక్. మనం జారేటప్పుడు రాపిడికి కింద మంచు కొంచెం కరిగి పల్చటి నీటి పొర ఏర్పడుతుంది. ఆ పొర మీదే జారతాం. నీరు ఎక్కువైతే మాత్రం తడి గాజు పలకలు రెండు అతుక్కున్నట్టు బోర్డు అతుక్కుంటుంది. మైనం నీటిని దరి చేరనివ్వదు కాబట్టి ఆ పట్టు వదులుతుంది. మైనం లేని బోర్డు అంచుల దగ్గర పొడిబారి, తెల్లగా కనిపిస్తుంది. నాది అచ్చం అలాగే ఉంది.

షాపులో చేయించొచ్చు. కానీ ప్రతి మూణ్నాలుగు ట్రిప్పులకీ చేయించాలంటే చేతి చమురు వదులుతుంది. ఇస్త్రీ బండోళ్లమ్మాయిని, ఇస్త్రీకి డబ్బులివ్వడమేంటని పాత సామాన్ల షాపులో ఐదు డాలర్లకి స్టీమ్ ఐరన్ కొన్నా. దాంతోనే తగలబెట్టా.

అలారం ఆగాక నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "చెయ్యి కాల్లేదు కదా?" రెండోది, "ఆ పెట్టె తిప్పు, అడుగు పలక చూపించు."

చూపించాను. ఆవిరి కన్నాల నిండా కరిగిన మైనం.

"పలక పల్చగా ఉందమ్మా. పల్చటి పలక వేడి పట్టి ఉంచలేదు. చల్లటి దాని మీద పెట్టగానే దిగిపోద్ది. దిగిందని మళ్లీ ఒక్కసారిగా ఎక్కుద్ది. నువ్వేమో ఒకేచోట ఆపావు."

తర్వాత చదివి చూస్తే నాన్న చెప్పింది అక్షరాలా నిజం. బట్టల ఇస్త్రీ పెట్టెలో థర్మోస్టాట్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వేడి చాలా కిందికీ మీదికీ ఊగుతుంది. బట్టకి ఆ తేడా ఫర్వాలేదు. బోర్డుకి అలా కాదు. దాని అడుగు ప్లాస్టిక్ దాదాపు 135 డిగ్రీల దగ్గర కరగడం మొదలెడుతుంది. ఇస్త్రీ పెట్టె మీద చుక్కలుంటాయి కదా... ఒక చుక్కంటే గరిష్ఠంగా 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. నేను మూడు చుక్కల మీద పెట్టాను. ప్లాస్టిక్ కరిగి, మైనం పీల్చుకోవాల్సిన సన్నటి రంధ్రాలు మూసుకుపోయాయి.

స్కీలకని తయారుచేసే ఐరన్‌కి పలక మందంగా ఉంటుంది, కన్నాలుండవు, వేడి డిగ్రీల్లో పెట్టుకోవచ్చు. చేత్తో పట్టుకుంటే బరువు. షాపులో దాన్ని ఎత్తి చూస్తూ అక్కడే నిలబడిపోయాను. ఆ బరువు నాకు ఎక్కడో తెలిసిన బరువు.

నా మొదటి జీతంతో నాన్నకి కరెంటు ఇస్త్రీ పెట్టె కొనిచ్చాను. తేలిగ్గా, చూడముచ్చటగా ఉంటుంది. నాన్నదేమో ఇత్తడి బొగ్గుల పెట్టె, ఆరేడు కిలోలుంటుంది. కుడి భుజం నొప్పని రాత్రిళ్లు అమ్మ చేత కొబ్బరి నూనె రాయించుకునేవాడు. అందుకే కొన్నాను. నాన్న దాన్ని వారం వాడి, మళ్లీ అట్టపెట్టెలో సర్ది బీరువా మీద పెట్టేశాడు. "బాగుందమ్మా, దాచుకున్నా" అన్నాడంతే. నాకు చాలా కోపమొచ్చింది. నేను మారమంటే ఈయన మారడు, జీవితాంతం ఆ బొగ్గుల పొగలోనే ఉంటాడు అనుకున్నా. నిజం చెప్పాలంటే, నా కోపం భుజం గురించి సగమే. మిగతా సగం, ఆ బొగ్గుల బండి నా కళ్లకి కనపడకూడదని.

ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాను. "నాన్నా, నేనిచ్చిన పెట్టె ఎందుకు వాడలేదు?"

కాసేపు నసిగాడు. "నువ్వు బాధపడతావని చెప్పలేదమ్మా. బరువు పెట్టె తనే నొక్కుద్ది, నేను తోస్తే చాలు. తేలిక పెట్టెని నేను నొక్కాలి. రోజుకి వంద జతలు నొక్కితే ఈ భుజం ఇంకా పోద్ది."

నాలుగేళ్లుగా నేను అడగలేదు. నాలుగేళ్లుగా ఆయన చెప్పలేదు.

ఇక మైనం సంగతి. ఇది కూడా ఒకటి కాదు, రకరకాలు. స్విక్స్ లాంటి కంపెనీలు మంచు ఉష్ణోగ్రతను బట్టి రంగులు పెట్టి అమ్ముతాయి. మంచు బాగా చల్లగా ఉంటే దాని స్ఫటికాలు సూదుల్లా గట్టిగా ఉంటాయి, మెత్తటి మైనంలో గుచ్చుకుంటాయి. అందుకని గట్టి మైనం కావాలి. ఎండాకాలపు తడి మంచుకి మెత్తటిది. గట్టి మైనానికి ఐరన్ వేడి ఎక్కువ, మెత్తటిదానికి తక్కువ. ఎంతన్నది పాకెట్ మీదే రాసి ఉంటుంది. ఇదంతా చెబితే నాన్న, "ఇందులో కొత్తేముంది? కాటన్‌కొక వేడి, పట్టుకొక వేడి" అన్నాడు.

కొత్తగా మొదలెట్టేవాళ్లకి నా సలహా, అన్ని ఉష్ణోగ్రతలకీ పనికొచ్చే యూనివర్సల్ వ్యాక్స్ ఒకటి చాలు. రేసులకి వెళ్లేవాళ్లకే పది రంగులు కావాలి. కొనేటప్పుడు ఫ్లోరిన్ లేనిది చూసుకోండి. ఫ్లోరో వ్యాక్స్ భలే జారుతుంది కానీ, అందులోవి ప్రకృతిలో ఏళ్ల తరబడి కరగకుండా మిగిలిపోయే రసాయనాలు. మంచు కరిగితే అవి నీళ్లలోకే పోతాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య వీటిపై నిషేధాన్ని 2019లో ప్రకటించి, 2023-24 సీజన్ నుంచి పోటీల్లో పూర్తిగా అమలు చేస్తోంది.

"కొవ్వొత్తి రాస్తే పోలా?" అన్నాడు నాన్న. అడగడంలో తప్పు లేదు. ఆయన బండి మీద గుడ్డలో చుట్టిన కొవ్వొత్తి ముక్క ఎప్పుడూ ఉంటుంది. వేడి పలకని దాని మీద ఒకసారి రుద్ది తుడిస్తే, పెట్టె బట్ట మీద వెన్నలా జారుతుంది. బోర్డుకీ జారుతుంది కానీ కాసేపే. కొవ్వొత్తి మైనం మెత్తన, మంచు రాపిడికి తొందరగా పోతుంది.

కొత్త ఐరన్ వచ్చిన శనివారం మళ్లీ వీడియో కాల్. ఈసారి నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కిటికీలు తీశాను. బోర్డు మీద బైండింగుల మరలు వదులు చేశాను, లేకపోతే వేడికి అడుగు భాగం సొట్టలు పడొచ్చు. అడుగు శుభ్రంగా తుడిచాను. మైనం ముక్కని ఐరన్‌కి ఆనించి, చుక్కలు చుక్కలుగా బోర్డంతా పడేలా చేశాను. తర్వాత ముందు నుంచి వెనక్కి, ఆగకుండా ఒకే వేగంతో ఐరన్ నడిపాను.

"నొక్కకు. దాని బరువే చాలు. ఆపకు... ఆపకు... ఆ, అలా." పొగ రాలేదు. పొగొస్తే వేడి ఎక్కువైందని గుర్తు. ఐరన్ వెనకాల చెయ్యంత పొడవున మైనం తడిగా మెరిసి, మెల్లగా గడ్డకడుతోంది. బోర్డు పై వైపు తాకితే గోరువెచ్చగా ఉంది. అంతే, చాలు.

తర్వాత కనీసం అరగంట చల్లారనివ్వాలి. ఆ తర్వాత ప్లాస్టిక్ పలకతో పైనున్న మైనమంతా గీకేయాలి, బ్రష్ కొట్టాలి. నేను గీకుతుంటే నాన్న మనసు ఒప్పలేదు. "వేసిందంతా తీసేస్తున్నావేంటే?"

"లోపల పట్టిందే పని చేస్తుంది నాన్నా. పైన మిగిలితే జారనివ్వదు."

"ఓహో. గంజిలాగన్నమాట. బట్టకి పట్టింది చాలు, పైన పేరుకుంటే మచ్చలే."

అన్నట్టు, సెలవులకి గుల్మార్గో, ఔలీయో వెళ్లి రెండు రోజులు అద్దె స్కీల మీద జారొచ్చేవాళ్లకి ఈ గొడవ అక్కర్లేదు. అడుగు ఒకసారి తిరగేసి చూడండి. తెల్లగా పొడిబారి ఉంటే వేరేది ఇమ్మనండి.

మర్నాడు లవ్‌ల్యాండ్‌లో నా బోర్డు ఆగలేదు. కాలిన మచ్చ ఉన్నచోట మైనం సరిగా పట్టదు, అది అలాగే ఉంది. అయినా చదునుగా ఉన్న దారి చివరిదాకా నడవకుండా వచ్చేశాను. వెనకాలే వచ్చిన ఫ్రెండ్ నా బోర్డు తిరగేసి వేలితో రాసి చూసింది. "ఇంత నీట్‌గా ఎక్కడ నేర్చుకున్నావ్?"

'యూట్యూబ్' అనే మాట నోటిదాకా వచ్చింది.

"మా నాన్న నేర్పించారు. విజయవాడలో ఆయనది ఇస్త్రీ బండి" అన్నాను.

పదిహేనేళ్లు దాచిన మాట. గుండె దడదడలాడింది. తను ఒక్క క్షణం నా వైపు చూసి, "అయితే నా స్కీలకి కూడా వేసిపెట్టవా?" అంది. అంతే. ఇంకేమీ జరగలేదు. దీనికోసమా ఇన్నేళ్లు భయపడ్డాను అనిపించింది. ఆ మాట చెప్పడానికి పదకొండు వేల అడుగుల కొండెక్కాల్సి వచ్చిందే అని సిగ్గూ వేసింది. ఆరో తరగతిలో ఆ క్లాసమ్మాయి ముందు చెప్పాల్సిన మాట అది.

ఆ వారంలోనే నాన్నని అడిగాను, "ఈసారి నువ్వే చెప్పు, ఎలాంటి పెట్టె కావాలి?" గ్యాస్‌తో నడిచే ఇస్త్రీ పెట్టె కావాలన్నాడు. బరువు బరువే ఉంటుంది, బొగ్గుల పొగ ఉండదు. పంజా సెంటర్ వైపు తెలిసినాయన దగ్గర రెండు రోజులు వాడి చూసి, చెయ్యి ఒప్పుకున్నాకే కొనుక్కున్నాడు. నేను డబ్బులు మాత్రం పంపాను. భుజం నొప్పి పోయిందా అంటే పోలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లమని ఇప్పుడు పోరుతున్నా.

మొన్న ఫిబ్రవరికి మా ఇంట్లో శుక్రవారం రాత్రయితే నాలుగు బోర్డులు, మూడు జతల స్కీలు వరసగా గోడకి ఆనించి ఉంటున్నాయి. ఫ్రెండ్స్‌వే అన్నీ. నాన్న కాల్లో వాటిని లెక్కపెట్టాడు. కళ్లజోడు సర్దుకుని, చాలా సీరియస్‌గా అడిగాడు.

"జతకి ఎంత తీసుకుంటున్నావమ్మా?"

"ఫ్రీ నాన్నా."

"తప్పు. పనికి డబ్బులు తీసుకోవాలి" అన్నాడు.