అమ్మ తలలో సుబ్బారావుగారు

శోళవరం అంటే పెద్దవాళ్లకు చెరువు, మా ఈడువాళ్లకు పాత విమానాల మైదానంలో ఒకప్పుడు జరిగిన కారు పందాలు. నాకు మాత్రం ఇప్పుడు అమ్మ కుడిచెయ్యి గుర్తొస్తుంది.

2019లో అమ్మకు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చింది. మద్రాసులో స్కాన్ తీయిస్తే మెదడులో చిన్న గడ్డ. కేన్సరో, క్షయ గడ్డో బొమ్మ చూసి తేలలేదు. పుర్రె తెరవకుండా తెలుసుకునే దారి ఒకటుంది, అదే ఎమ్మారై యంత్రంతో అక్కడి రసాయనాలు కొలవడం, అన్నారు డాక్టరుగారు. స్పెక్ట్రోస్కోపీ అంటారట.

కదలకుండా పడుకోవాలి. అమ్మకేమో చేతి వణుకు. చెయ్యి వణికితే తల కదులుతుంది. మొదటిసారి అంతా వృథా. "నాయనా, ఈ చెయ్యి నా మాట వినదే" అంది. నేను విసుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

రెండోసారి మత్తిచ్చి తీశారు. గడ్డలో కొవ్వు శిఖరం ఎత్తుగా ఉంది, కేన్సరులో పెరిగే కోలీన్ పెరగలేదు. క్షయేనన్నారు. ఊపిరి పీల్చుకున్నాను.

పోలికకు బాగున్న వైపు గ్రాఫు కూడా చూపించారు. అందులో మూడు శిఖరాలు. మధ్యది క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కలిసినది. మిగతావాటిని దానితో భాగించి చూస్తారట. ఆ ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని 1927లో ఫిస్కేతో కలిసి హార్వర్డులో బయటపెట్టింది మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు! కండరాల్లో కనిపెట్టారు, మెదడులోనూ అదే ఉంది. ఏటీపీ చేతిఖర్చు డబ్బయితే ఇది పోపులడబ్బాలో దాచిన సొమ్ము. తరిగిన వెంటనే పూడుస్తుంది.

అప్పట్నుంచి నాకు ఇదో పిచ్చి. పాత పద్ధతిలో మెదడును అడ్డం 32, నిలువు 32 గళ్లుగా చూడాలంటే 1,024 కొలతలు. ఒక్కోదానికి ఒకటిన్నర సెకను వేసుకున్నా పాతిక నిమిషాలు దాటుతుంది. కొత్త వేగపు పద్ధతిలో ఒక్క కొలతకే వరుస మొత్తం వస్తుంది. అంటే 32 చాలు, నిమిషం కూడా పట్టదు. స్పష్టత కోసం కొన్నిసార్లు మళ్లీ తీస్తారనుకోండి. ఒక్కొక్క ఖాతాకీ లెడ్జరు తెరిచే రోజుల్లో ఉద్యోగంలో చేరిన నాకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. దీనికి మూలం పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో చెప్పిన అతివేగ చిత్రణ. ఆయనకు 2003లో నోబెల్ వచ్చింది.

మామూలు ఆస్పత్రుల్లో అయస్కాంతం బలం 1.5 లేదా 3 టెస్లాలు. 7 టెస్లాల దగ్గర శిఖరాలు విడివిడిగా జరుగుతాయి. ఒకదానిమీదొకటి పడి కలిసిపోయే గ్లుటమేట్, గ్లుటమైన్ వేరుగా కనిపిస్తాయి. కానీ శిఖరాలు ఎంత దూరం జరిగితే యంత్రం అంత చురుగ్గా చదవాలి. చిక్కంతా అక్కడే.

ఏడాది పైన మాత్రలు మింగి అమ్మ కోలుకుంది. ఒకరోజు సుబ్బారావుగారి సంగతి చెప్పాను.

"ఏ ఊరాయన?"

"భీమవరంలో పుట్టారు. ట్రిప్లికేను హిందూ హైస్కూల్లో, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు."

"మద్రాసులో చదివాడా? అయితే మనవాడే" అని వణికే చేత్తోనే కాఫీ గ్లాసు అందుకుంది.